జీడి నూనె పూసిన కాయిలు

మా మేనకోడలు టెక్కలిలో ఒక ఇంజనీరింగు కాలేజీలో ఎలక్ట్రానిక్సు ల్యాబు చూసుకుంటుంది. పోయిన ఏడు ఎండలు ముదరకముందు ఒక సాయంత్రం పలాసలో మా ఇంటికి వచ్చింది. చెప్పులు విప్పకుండానే అరుగు మీద కూలబడి, బ్యాగులోంచి నా పాత నోటుబుక్కు తీసి నా ఒళ్లో పెట్టింది.

“మావయ్యా, కోప్పడకు. నీ టేబులు తీసీమంటన్నారు,” అంది.

నేను కోపిష్టివాడినని ఊళ్లో అనుకుంటారు. అది నిజం కాదు. నాకు జ్ఞాపకం ఎక్కువ, అంతే. జ్ఞాపకం ఉన్నవాడి దగ్గర కోపం ఉప్పుచేపలాగ నిలవుంటుంది, చెడిపోదు.

ఆ టేబులు ఏమిటో చెప్పకపోతే కథ ముందుకి నడవదు. పాత రేడియోలో స్టేషను మార్చడానికి బిరడా తిప్పితే లోపల గ్యాంగు కండెన్సరు తిరిగేది. అల్యూమినియం రేకులు ఒకదాని సందులోకి ఒకటి దూరుతుంటే విద్యుత్తుని పట్టి ఉంచే కెపాసిటీ పెరిగేది, బయటికి వస్తుంటే తగ్గేది. తరవాత టీవీలు వచ్చాయి. వాటి ట్యూనరు విప్పితే తిరిగే రేకులు ఏవీ కనబడలేదు. బియ్యపు గింజంత డయోడు ఉంది. దానికి తలకిందులుగా వోల్టేజి ఇస్తే కరెంటు పారదు గాని, లోపల రెండు పొరల మధ్య ఎడం పెరుగుతుంది. వోల్టేజి పెంచేకొద్దీ ఎడం పెరుగుతుంది, కెపాసిటీ తగ్గుతుంది. చెయ్యి పెట్టకుండానే రేకులు దూరం జరిగినట్టన్నమాట. దాన్ని వేరాక్టరు అంటారు. ఎన్ని వోల్టులకి ఎంత కెపాసిటీ అని నేను నలభై ఏళ్ల కిందట కొలిచి రాసుకున్నదే ఆ టేబులు.

మేనకోడలు తన పిల్లల కోసం కొత్త ల్యాబు పుస్తకం తయారుచేస్తోంది. అందులో వేరాక్టరు ప్రయోగం కింద నా టేబులు పెట్టింది. అది వాళ్ల హెచ్‌ఓడీ గారి బల్ల మీదకి వెళ్లింది.

“ఆయన కంప్యూటర్లో సిమ్యులేషను చేసి చూసేరు మావయ్యా. ఇరవై ఎనిమిది వోల్టుల దగ్గర కెపాసిటీ మూడు పికోఫారడ్లు రావాలట. నువ్వు పదిహేను రాసేవు. గ్రాఫులో నీ గీత సగం దూరం దిగి అక్కడే పడుకుండిపోయిందన్నారు.”

“ఇంకేటన్నారు?”

“అదే.”

“ఇంకేటన్నారో చెప్పు.”

ఆమె వంగి చెప్పులు విప్పింది. “ఎవరో రేడియో మెకానిక్కు ఊహించి రాసుకున్న అంకెలు పిల్లల చేత చదివించలేం అన్నారు. జూన్లో కాలేజీ తెరిచేలోపు పుస్తకం అచ్చుకెళ్తాది. ఈలోగా తేలకపోతే ఆ పేజీ ఉండదు.”

ఊహించి. ఆ మాట వినడం మొదటిసారి కాదు. నాకు ముప్పై ఏళ్లు దాటిన రోజుల్లో ఇదే నోటుబుక్కు పట్టుకుని విశాఖపట్నంలో ఒక శిక్షణ కేంద్రానికి వెళ్లాను. అక్కడి మాస్టారు పుస్తకం తెరవకముందే నన్ను తెరిచాడు. ఏం చదివావు? ఆరో తరగతి. ఎక్కడ? పలాస అవతల సుమ్మాదేవి ఊరి బడిలో. ఆయన నా వైపు కాదు, క్లాసు వైపు తిరిగి, “కొలవడానికి మీటరుండాలి, ఊహించడానికి ఏమీ అక్కర్లేదు,” అన్నాడు. క్లాసు నవ్వింది. ఆ గదిలో ఎన్ని కిటికీలున్నాయో ఇప్పటికీ చెప్పగలను.

ఊహించలేదయ్యా, కొలిచాను. ఎలా కొలిచానో ఇప్పుడు రాస్తున్నాను, మళ్లీ ఎవరూ అడక్కుండా.

నా చేతికి టంకం అబ్బింది జీడిపప్పు టిన్నుల దగ్గర. పన్నెండో ఏట పలాసలో ఒక ఫ్యాక్టరీలో చేరాను. పప్పు నింపిన టిన్నులో గాలి తీసి, గ్యాసు పట్టి, మూతి మీద చిన్న రేకు పెట్టి టంకం వేసేవాళ్లం. సూది మొనంత సందు మిగిలినా పప్పు ముక్కిపోతుంది. రోజుకి వందల మూతులు. టంకం ఎప్పుడు పారుతుందో, ఎప్పుడు గడ్డకడుతుందో కళ్లు మూసుకుని వాసనతో చెప్పే స్థితి వచ్చింది. అక్కణ్ణుంచి రేడియో బాగుచెయ్యడం ఎంత దూరం? కాశీబుగ్గలో చిన్న కొట్టు పెట్టాను. ఇంగ్లీషు మా చర్చి పాటల పుస్తకం నుంచి నేర్చుకున్నాను, తెలుగు పాట పక్కన ఇంగ్లీషు పాట పెట్టుకుని. ఆ ఇంగ్లీషు దేవుణ్ణి పిలవడానికి సరిపోయేది గాని డయోడుని పిలవడానికి సరిపోయేది కాదు. దానికి తూకానికి అమ్మే పాత కాగితాల్లో దొరికిన రేడియో పుస్తకం ఒకటి తోడయింది. అందులో వెనక సగం లేదు. ఆ లేని సగం సంగతి తరవాత వస్తుంది.

ఒక పంచాయతీ ఆఫీసు టీవీ ఉప్పుగాలికి తుప్పుపట్టి నా కొట్టుకొచ్చింది. ఇక బాగుపడదని వాళ్లే వదిలేశారు. దాని ట్యూనరులోంచి వేరాక్టరు కోసి తీశాను. కెపాసిటీ మీటరు నా దగ్గర లేదు. జిల్లాలో ఎవరి దగ్గర ఉందో, ఉన్నా నాలాంటివాడి చేతికి ఇస్తారో తెలీదు. నా దగ్గర ఉన్నవల్లా ఒక రేడియో, రెండు చెవులు.

సన్న రాగి తీగతో వందల చుట్ల కాయిలు చుట్టాను. దానికి డయోడు తగిలించి, ఒక్క ట్రాన్సిస్టరుతో ఆసిలేటరు కట్టాను. అంటే అదొక బుల్లి రేడియో స్టేషను. పాట లేదు, మాట లేదు, ఊరికే ఉంటుంది. పక్కన రేడియో పెట్టి ముల్లు జరుపుతూ పోతే, స్టేషన్ల మధ్య వచ్చే బుస ఒకచోట చప్పున ఆగిపోతుంది. అక్కడ నా స్టేషను ఉన్నట్టు. వెదురు బొంగులో పందొమ్మిది టార్చి సెల్లు ఒకదాని వెనక ఒకటి దోపి, ఒక వాల్యూం కంట్రోలుతో డయోడుకి వోల్టేజి మార్చేవాణ్ణి. వోల్టేజి మారిస్తే ఆ నిశ్శబ్దం డయలు మీద ఇంకో చోటికి జరిగేది. డయలు మీద అచ్చేసిన అంకెల్ని నేను నమ్మలేదు. విజయవాడ, విశాఖ, కటక్, కలకత్తా స్టేషన్లు తమ ఫ్రీక్వెన్సీ తామే చెప్పుకుంటాయి కదా. వాటిని పట్టుకుని గళ్ల కాగితం మీద నా డయలు నేను గీసుకున్నాను. ఫ్రీక్వెన్సీ తెలిస్తే, కాయిలు లెక్క తెలిస్తే, కెపాసిటీ కాగితం మీద తేలుతుంది. ఒక్కో వోల్టేజికి మూడు వేరు వేరు రోజులు కొలిచాను. మూడూ కలిస్తేనే రాశాను.

ఇంకో మాట. మా ఉద్దానం సముద్రపు గాలికి రాగి తీగ ఏడాది తిరక్కుండా చిలుమెక్కి తెగిపోతుంది. అందుకని కాయిలుకి జీడి నూనె పట్టించి ఎండలో గట్టిపరిచాను. జీడిపిక్క తొక్కలోంచి వచ్చే నల్లటి నూనె అది. చేతికి తగిలితే తోలు ఊడుతుంది, ఎండితే లక్కలా బిగుస్తుంది. పడవలకి పూస్తారు, వలలకి పట్టిస్తారు. నేను కాయిలుకి పట్టించాను. మా వైపు రేడియో పని తెలిసినవాళ్లం అందరం అదే చేసేవాళ్లం. ఆ నూనె మా అక్క మొగుడి జీడి బట్టీ నుంచి తెచ్చుకున్నాను. ఆ బావ కూతురే ఇప్పుడు అరుగు మీద కూర్చున్న మేనకోడలు.

“ఆ సిమ్యులేషను నాకు నేర్పు,” అన్నాను.

“ఇప్పుడా మావయ్యా?”

“మరెప్పుడు? నా పెళ్లికా?”

మర్నాడు తన పాత లాప్‌టాపు తెచ్చి, సర్క్యూట్లు కట్టి చూసే సాఫ్ట్‌వేరు అందులో ఎక్కించి, గంటసేపు చూపించి వెళ్లింది. మిగతాది నేను డిక్షనరీ పక్కన పెట్టుకుని చదువుకున్నాను. డెబ్బై నాలుగేళ్ల వయసులో మౌసు పట్టుకోవడం ఎలా ఉంటుందంటే, చేప తోక పట్టుకున్నట్టుంటుంది. అదొకటే కష్టం. తక్కినదంతా నాకు తెలిసిందే. తీగ గీస్తే తీగ. బ్యాటరీ పెడితే బ్యాటరీ. టంకం వాసన మాత్రం రాదు.

నా కంటే ఎనిమిదేళ్లు పెద్దవాడు మా బావ. ఇప్పటికీ రోజూ పొద్దున్న బట్టీ చూసుకుని, మా ఇంటికి టీకి వస్తాడు. వచ్చి నా వెనక నిలబడ్డాడు.

“ఏటి బామ్మర్దీ, ఏటి సేత్తన్నావు?”

“డయోడుకి వోల్టేజి ఇస్తున్నాను.”

“డయోడేదీ?”

“లోపలుంది.”

“లోపలేటి, ఎక్కడ? నాకైతే గీతలు అవుపడతన్నాయి.” ఆయన అద్దాలు సర్దుకుని తెర మీదకి వంగాడు. “పెళ్లికూతురు నేకుండా పెళ్లి సేత్తన్నావన్నమాట.”

చేస్తున్నది ఇది. డయోడుకి తలకిందులుగా నిలకడ వోల్టేజి ఒకటి ఇచ్చి, దాని మీద చిటికెడు ఏసీ కలపడం. ఆ ఏసీకి ఎంత కరెంటు ఊగుతుందో చూస్తే, దాన్నుంచి కెపాసిటీ వస్తుంది. తరవాత నిలకడ వోల్టేజిని ఒక్కో మెట్టు పెంచుకుంటూ పోవడం. నేను సెల్లులతో వారాల తరబడి చేసినది అది రెప్పపాటులో చేస్తుంది. చేసింది. గీత వచ్చింది. వచ్చి అడుగున నేలకంటుకుని పడుకుంది. ఒక వోల్టుకి సున్నా. పది వోల్టులకి సున్నా. ఇరవై ఎనిమిదికీ సున్నా.

“ఎంతొచ్చినాది?” అన్నాడు బావ.

“సున్నా.”

“అరవయ్యేళ్లు సదివి సున్నాయేటి? నాను ఒక్క రోజూ సదవకుండా అదే తెచ్చుకున్నాను గదా.”

టీ గ్లాసు ఆయన చేతిలో పెట్టి పంపించేశాను. ఆ సున్నా నన్ను మూడు రోజులు తినేసింది. తీగలు తిరగేసి కట్టానేమో చూశాను. లేదు. ఏసీ పెట్టడం మరిచానేమో చూశాను. లేదు. నాలుగో రోజు ఆ సాఫ్ట్‌వేరు సాయం పేజీల్లో ఒక పట్టీ అడుగున దొరికింది. కంప్యూటర్లో డయోడంటే వట్టి బొమ్మ. నువ్వు చెప్పిన గుణాలే దానికుంటాయి. కెపాసిటీ ఎంతో నువ్వు చెప్పకపోతే సున్నా అనుకుంటుంది. కోపం వచ్చిందా అంటే వచ్చింది. కాని కాస్త ముచ్చట కూడా వేసింది. తెలీనిదాన్ని ఊహించకుండా సున్నా అని చెప్పే నిజాయితీ మనుషుల్లో నేనంతగా చూడలేదు.

మూడు అంకెలు చెప్పాలి దానికి. వోల్టేజి లేనప్పుడు కెపాసిటీ ఎంత, పొరల మధ్య పుట్టుకతో ఉన్న వోల్టేజి ఎంత, గీత ఎంత నిటారుగా దిగుతుంది. ఆ రకం డయోడుకి తయారీదారు ఇచ్చిన కాగితం మేనకోడలు వెతికి తెచ్చింది. దాన్నుంచి మూడు అంకెలూ కట్టి పెట్టాను. ఈసారి గీత లేచింది. ఒక వోల్టు దగ్గర ఇరవై తొమ్మిది పికోఫారడ్ల ఎత్తున మొదలై, దిబ్బ మీంచి ఇసక జారినట్టు నున్నగా జారి, పది దగ్గర ఎనిమిదికొచ్చి, ఇరవై ఎనిమిది వోల్టుల దగ్గర మూడుకి చేరింది.

మూడు. పదిహేను కాదు.

నా చేత్తో, నా కళ్ల ముందు, ఆ హెచ్‌ఓడీ మాటే నిజమని నేనే రుజువు చేసుకున్నాను. ఆ పూట అన్నం సహించలేదు. మా ఇంటావిడ కంచం తీస్తూ, “మీ సున్నాయే నయమండి, అప్పుడు తిన్నారు,” అంది.

సాయంత్రానికి కోపం కొంచెం దిగాక పాత అలవాటు ఒకటి చేతికొచ్చింది. టిన్నుల రోజుల్లో ఒక టిన్ను కారితే మేస్త్రీ ఆ టిన్ను చూసేవాడు కాదు, వరస మొత్తం చూసేవాడు. ఒక్కటి కారితే చెయ్యి తప్పు, అన్నీ ఒకేచోట కారితే రేకు అచ్చు తప్పు అనేవాడు. నోటుబుక్కు తెరిచి, నా అంకెల పక్కన కంప్యూటరు అంకెలు రాశాను. ఒక వోల్టుకి నాది నలభై ఒకటి, దానిది ఇరవై తొమ్మిది. పది వోల్టులకి నాది ఇరవై, దానిది ఎనిమిది. ఇరవై ఎనిమిదికి పదిహేను, మూడు. తీసివేశాను. పన్నెండు. పన్నెండు. పన్నెండు. మధ్య వోల్టేజిల దగ్గర ఒకచోట పదకొండున్నర, ఒకచోట పన్నెండున్నర.

ఊహించేవాడి తప్పు ఇలా వరసలో నిలబడదు. ఎక్కువ రాస్తాడు, తక్కువ రాస్తాడు, చివరికొచ్చేసరికి అలిసిపోయి ఏదో ఒకటి రాస్తాడు. ప్రతి గడిలోనూ ఒకే పన్నెండు తప్పిందంటే, అన్ని రోజులూ నా డయోడు పక్కన ఇంకోటేదో కూర్చుని ఉంది. వోల్టేజికి కదలకుండా, మాట్లాడకుండా, పన్నెండు పికోఫారడ్లు మోస్తూ. అది ఏమిటి?

మర్నాడు సామాను దింపాను. కొట్టు మూసేసిన నాడు ఆ కాయిలు, డయోడు, ఆసిలేటరు అన్నీ ఒక జీడిపప్పు టిన్నులో పెట్టి మూతికి టంకం వేసేశాను. తుఫాన్లకి మా ఇంటి పెంకులు రెండుసార్లు ఎగిరిపోయాయి గాని ఆ టిన్నులోకి చుక్క నీరు దిగలేదు. మూత కోసి కాయిలు బల్ల మీద పెట్టేసరికి బావ టీకి వచ్చాడు. కాయిలు చేతిలోకి తీసుకుని వాసన చూశాడు.

“ఇది మా బట్టీ నూనే గదేటి?”

“మీదే.”

ఆయన గోరుతో గీకాడు. ఆ గోళ్లు అరవై ఏళ్లుగా ఆ నూనెకి నల్లబడినవి. “ఇంత దళసరిగా పట్టించినావేటి బామ్మర్దీ? పడవక్కూడా ఇంత ఎయ్యరు. సూడు, తీగకీ తీగకీ మద్దెన సందు నేదు. అంతా ఇదే కూరుకుపోనాది.”

నేను కాయిలు ఆయన చేతిలోంచి లాక్కున్నాను.

తీగకీ తీగకీ మధ్య. కెపాసిటీ అంటే అదే కదా. రెండు లోహాలు, మధ్య ఏదో ఒకటి. రేకులైనా అంతే, డయోడులో పొరలైనా అంతే, పక్కపక్కన పడుకున్న రెండు తీగ చుట్లైనా అంతే. మధ్య గాలి ఉంటే తక్కువ, జీడి నూనె గట్టిపడి ఉంటే ఎక్కువ. కాయిలుకి తనదంటూ కెపాసిటీ ఉంటుంది. ఆ సంగతి చదువుకున్నవాళ్ల పుస్తకాల్లో ఎక్కడో ఉండే ఉంటుంది. నా పుస్తకానికి వెనక సగం లేదు. చిలుము పట్టకుండా కాపాడుతున్నానని, పొర మీద పొర పట్టించి, నా లెక్కలోకి నేనే దొంగని తెచ్చి కూర్చోబెట్టుకున్నాను. తప్పు నాదే. కాని ఊహ కాదు. కొలిచినవాడి తప్పు.

కంప్యూటర్లో డయోడు పక్కన పన్నెండు పికోఫారడ్ల మామూలు కండెన్సరు ఒకటి గీశాను. మళ్లీ నడిపాను. గీత నా నలభై ఏళ్ల నాటి చుక్కల మీద నుంచి, ఒక్క చుక్కనీ వదలకుండా, దారం పూసలో దూరినట్టు దూరి వెళ్లింది.

బావకి నా మొహం చూసి భయం వేసినట్టుంది. “ఒంట్లో బాగున్నాదా?” అన్నాడు.

“బాగుంది బావా. టీ తాగు.”

మేనకోడలు ఆ గీత పట్టుకెళ్లి హెచ్‌ఓడీ గారికి చూపించింది. సాయంత్రం ఫోను చేసింది. “సరిపోడానికి ఎంత కావాలో అంత కలిపీసి ఉంటారు, దాన్ని రుజువు అనరు అన్నారు మావయ్యా.”

నిజం చెప్పాలంటే, ఆ మాటకి నాకు కోపం రాలేదు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే అనేవాణ్ణి. బట్టకి సరిపడేలా మనిషిని కోస్తే దర్జీ పని అవదు.

“అమ్మా, ఆయనతో ఈ మాట చెప్పు,” అన్నాను. “డయోడు పీకేస్తే ఇక మిగిలేది ఆ పన్నెండే. ఆ పన్నెండుతో నా కాయిలు ఏ ఫ్రీక్వెన్సీ మీద నిలబడాలో ముందే కాగితం మీద రాసి, కవరు అంటించి పంపిస్తాను. మీ ల్యాబులో, ఆయన ముందు, డయోడు పీకి చూపిస్తాను. తేడా వస్తే నా టేబులు నేనే చింపేస్తాను.”

కవరులో పద్నాలుగు వందల యాభై కిలోహెర్ట్‌జ్ అని రాశాను. వారం తరవాతికి రమ్మన్నారు. ఆ వారంలో బావ రోజూ అదే పాట.

“ఇంటికాడే ఓపాలి పీకి సూసుకోవచ్చు గదా. అక్కడకెళ్లి పరువు తీసుకుంతావేటి?”

“చూసుకుని వెళ్తే అది పరీక్ష కాదు బావా, నాటకం.”

“నాటకమైతే ఏటి? అందులోన కనీసం సివరికి గెలుత్తావని తెలుత్తాది.”

ఆసిలేటరు పనిచేస్తోందో లేదో మాత్రం డయోడుతో పెట్టి చూసుకున్నాను. ఒక ఎండిపోయిన కండెన్సరు మార్చాను. డయోడు పీకలేదు. పీకాలని చెయ్యి దురద పెట్టింది. నాలుగుసార్లు టంకం వేసే ఐరను వేడెక్కించి నాలుగుసార్లు ఆపేశాను.

ఆ రోజు పొద్దున్నే పలాసలో బస్సెక్కాను. ఒళ్లో జీడిపప్పు టిన్ను, పక్కన గుడ్డలో చుట్టిన రేడియో. బావ నా పక్కనే, తోడొస్తానని. కండక్టరు టిన్ను చూసి, “గుండుపప్పా, బద్దపప్పా తాతా?” అన్నాడు. “రెండూ కాదు, పన్నెండు పికోఫారడ్లు,” అన్నాడు బావ, తనే పండించినట్టు.

హెచ్‌ఓడీ గారికి నా కొడుకు వయసుంటుంది. మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు, మంచినీళ్లిప్పించాడు. పిల్లలు పదిహేను మంది దాకా గోడ వార నిలబడ్డారు. ఆయన మామూలుగానే అడిగాడు. “మీరు ఎక్కడ చదువుకున్నారండీ?”

“టిన్నుల్లో,” అన్నాను.

రేడియో పెడితే బుస కాదు, పెద్ద గర్జన వినబడింది. ల్యాబు నిండా కంప్యూటర్లు, ఎల్‌ఈడీ దీపాలు. వాటి రొదకి డయలు మొత్తం నిండిపోయింది. నా కాలంలో ఈ గోల లేదు. ఈ హోరులో నిశ్శబ్దం ఎక్కడ వెతకను?

“ఇవన్నీ ఆపించాలండీ,” అన్నాను.

“కంప్యూటర్లా?”

“కంప్యూటర్లు, దీపాలు, అన్నీ.”

ఆయన మేనకోడలి వైపు చూశాడు. ఆమె మెయిన్ స్విచ్చి దగ్గరకి నడిచింది. సిమ్యులేషన్లు చేసే యంత్రాలన్నీ ఒకదాని తరవాత ఒకటి నల్లబడ్డాయి. ఫ్యాన్లు ఆగాయి. కిటికీ వెలుతురు మాత్రం మిగిలింది. రేడియోలో నాకు తెలిసిన పాత బుస వచ్చింది, చిన్నగా, ఇసక మీద కెరటం వెనక్కి లాగినట్టు.

టంకం వేసే ఐరనుని ఇన్వర్టరు మీద వేడిచేసి, పిల్లలందరూ చూస్తుండగా డయోడు పీకి హెచ్‌ఓడీ గారి అరచేతిలో పెట్టాను. ఆసిలేటరుకి బ్యాటరీ తగిలించాను. ముల్లు వెయ్యి దగ్గర పెట్టి జరపడం మొదలెట్టాను.

పదకొండు వందలు. బుస. పన్నెండు వందలు. బుస. పదమూడు వందల దగ్గర ఏదో దూరపు స్టేషను గొణిగింది, దాటేశాను. పద్నాలుగు వందలు. బుస. ఎవరో పిల్లవాడు దగ్గాడు. పద్నాలుగు వందల ఇరవై. బుస. నా వేలు చెమటకి బిరడా మీద జారింది. చొక్కాకి తుడుచుకుని మళ్లీ పట్టుకున్నాను. పద్నాలుగు వందల నలభై.

బుస ఆగిపోయింది.

కోసినట్టు ఆగిపోయింది. బ్యాటరీ తీశాను, బుస వచ్చింది. పెట్టాను, ఆగింది. తీశాను. పెట్టాను. ఆగింది. ఆ నిశ్శబ్దం నాది. నేనే చుట్టి, నేనే పూత వేసి, ఇన్నేళ్లు టిన్నులో దాచింది.

మేనకోడలు బ్యాటరీతో నడిచే ఫ్రీక్వెన్సీ కౌంటరు తెచ్చి, కాయిలు దగ్గర తీగ చుట్ట ఒకటి పెట్టింది. పద్నాలుగు వందల నలభై ఆరు. హెచ్‌ఓడీ గారు జేబులోంచి కవరు తీసి చింపి చదివారు. చదివి పిల్లలకి చూపించారు. తరవాత నన్ను జరగమని, రేడియో ముందు తనే కూర్చుని, ముల్లు అటూ ఇటూ తిప్పి చాలాసేపు విన్నారు. ఆయన మొహం చూస్తే, రేడియో వినడం ఆయనకి అదే మొదటిసారేమో అనిపించింది.

లేచి, “ఊహించి అన్నది నేనేనండీ,” అన్నారు.

“గుర్తుంది,” అన్నాను.

“మీ టేబులు పుస్తకంలో ఉంటుంది.”

“నా తప్పు కూడా ఉండాలి,” అన్నాను. “మొదటి గడిలో నేను కొలిచింది, రెండో గడిలో కంప్యూటరు చెప్పింది, మూడో గడిలో తేడా. ఆ పన్నెండు ఎక్కణ్ణుంచి వచ్చిందో మీ పిల్లలే కనుక్కోవాలి. ముందే చెప్పీకండి.”

ఆయన మేనకోడలి వైపు తిరిగి, “అలాగే రాయండి మేడం,” అన్నారు. ఆమె రాసుకోవడం మానేసి నా వైపు చూసి నవ్వింది. మా అక్క నవ్వు అది.

బావ ఈ సమయమంతా వెనక బెంచీ మీద టిన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఒక అమ్మాయి వెళ్లి, పూత లేకుండా ఇంకో కాయిలు చుడితే తేడా ఎంత వస్తుంది తాతా అని ఆయన్ని అడిగింది. అడగవలసిన ప్రశ్న. నేను నోరు తెరిచేలోగానే, “సుట్టు మరి, సూద్దుము. తీగుందా?” అన్నాడు ఆయన. ఆ మధ్యాహ్నం వాళ్లు చుట్టారు, అదే మందం తీగ, అన్నే చుట్లు. చుట్లు లెక్కపెట్టే పని బావ తీసుకున్నాడు. రెండుసార్లు లెక్క తప్పి మొదటికొచ్చాడు. పూత లేని కాయిలు, తీగలు, ట్రాన్సిస్టరు అన్నీ కలిపి అయిదు పికోఫారడ్లే వచ్చింది. అంటే మిగతా ఏడూ జీడి నూనెవి.

జూన్లో పుస్తకం అచ్చయి వచ్చింది. మేనకోడలు రెండు కాపీలు తెచ్చింది. ఒకటి నాకు. రెండోది బావ బట్టీకి పట్టుకెళ్లాడు. కాయిలు తయారీ రాసిన చోట కూతురు చూపించిన జీడి నూనె అన్న మాట కింద బొగ్గుతో గీత గీసి, పిక్కలు కొట్టే ఆడవాళ్లందరి చేతా ఆ పేజీ ముట్టించాడట. ఇంగ్లీషు రానివాళ్లకి ఆయనే చదివి చెప్పాడట, ఆయనకి ఇంగ్లీషు రాదు.

ఇప్పుడు టీకి వచ్చినప్పుడల్లా గ్లాసు పట్టుకుని నా ఎదురుగా కూర్చుని అంటాడు, “ఏడు నాది, అయిదు నీది. ఎవలది ఎక్కువ బామ్మర్దీ?”

“నీదే బావా,” అంటాను. మా ఇద్దరి మధ్య, మరి దేనిలోనూ ఇంతవరకు నేను ఒప్పుకోని మాట అది.